తొమ్మిదో పాఠం

మార్చి 3, సోమవారం

ఈరోజు నుంచి శుక్రవారాలు నాకు దక్కాయి. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఒకటే పని. ఆస్పత్రి సిబ్బంది ఆన్‌లైన్లో చదివే శిక్షణ పాఠాల సైటు తెరవాలి, ఎవరు ఏది చదివారో చూడాలి, ఆ పేరును ఆస్పత్రి రికార్డులో వెతికి ‘పూర్తి’ అని కొట్టాలి. నాలుగొందల పన్నెండు మంది. సాయంత్రానికి మెడ పట్టేసేది.

ఇప్పుడు సింక్ పెట్టారు. రోజూ పొద్దున ఆరింటికి సైట్లో ఉన్నదంతా దానంతటదే వచ్చి రికార్డులో కూర్చుంటుంది. సోమవారం సోమవారం రిపోర్టు తీసి సూపరింటెండెంటు గారికి పంపడమే నా పని. సింక్ పెట్టిన కంప్యూటర్ల ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక చుట్ట తీగ ఉంటుంది. అందుకే అందరం తీగలాయన అంటాం.

“ఇక మీ వేళ్లకి విశ్రాంతి అమ్మా,” అన్నాడు.

“వేళ్లకా, ఉద్యోగానికా?” అన్నాను. నవ్వి, తీగ సర్దుకుని వెళ్లిపోయాడు.

నాకేం దిగులు లేదు. ఈ పుస్తకం మాత్రం మొదలుపెట్టాను. పాత హాజరు పట్టీ, వెనక అరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. శుక్రవారాలకి ఏదో ఒక పని ఉండాలి కదా.

మార్చి 4, మంగళవారం

సింక్ నిమిషాలు కూడా తెస్తుందట. ఎవరు ఎంతసేపు చదివారు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ కంప్యూటర్ మీద, అన్నీ తెస్తుంది. తెచ్చినదాన్ని హాజరు మిషనుతో పోల్చి, పొసగని వరసను ఎర్రగా చూపిస్తుంది. ఈ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

నాలుగొందల పన్నెండు వరసల్లో ఒక్కటే ఎరుపు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించిన మా తోడికోడలిదే అవ్వాలా ఆ ఒక్కటీ.

ఆమెని అక్క అనే పిలుస్తాను. అక్క ఇరవై ఐదేళ్లుగా ఆవిరి గదికి పెద్ద. ఆపరేషన్లకి వాడే కత్తులూ గుడ్డలూ మూటలు కట్టి, ఆవిరి మిషన్లో పెట్టి, క్రిములు లేకుండా చేసి పంపేది అక్కే. పోయిన జులైలో కొత్త మిషను వచ్చింది. దాని మీద పద్నాలుగు పాఠాలు పెట్టారు. అక్క పేరు ఎదురుగా ఇలా ఉంది: పద్నాలుగు పాఠాలు, పదకొండు నిమిషాలు, జులై 18 మధ్యాహ్నం రెండింటికి, శిక్షణ కార్యాలయం కంప్యూటర్ మీద. హాజరు మిషను ప్రకారం ఆ సమయానికి అక్క ఆవిరి గదిలో డ్యూటీలో ఉంది. శిక్షణ కార్యాలయంలో ఉన్నది ఒక్క కంప్యూటరే. దాని ముందు కూర్చునేది నేను.

ఇద్దరం కలిసి చేశాం. అక్కకి టైపు చేయడం నిదానం. పక్కన కూర్చుని తను చెబుతుంటే నేను నొక్కాను. ఇందులో తప్పేముంది?

ఆ వరసలో ‘సరిచూశాను’ అని మార్చి ఇంటికి వచ్చాను.

మార్చి 5, బుధవారం

మళ్లీ ఎర్రగా ఉంది. మార్చాను.

మార్చి 6, గురువారం

మళ్లీ. మార్చాను.

పక్కన కూర్చుని అని రాశాను గానీ, ఆ రోజు అక్క పక్కన లేదు. కింది అంతస్తులో ఉంది. ఆస్పత్రిలోనే ఉంది కదా.

మార్చి 7, శుక్రవారం

పని లేని శుక్రవారం. మధ్యాహ్నం దాకా పెన్సిళ్లు చెక్కాను.

ఇలా ఎందుకు మొదలైందో రాసుకోవాలి. నాలుగేళ్ల కిందట మొదటిసారి ఆన్‌లైన్ పాఠాలు పెట్టినప్పుడు అక్క నలుగురితో పాటు కంప్యూటర్ గదిలో కూర్చుంది. రెండుసార్లు తప్పింది. విషయం తెలియక కాదు, ఎక్కడ నొక్కాలో తెలియక. వెనక వరసలో ఒక కొత్త నర్సు, “పెద్దమ్మగారు మౌసును కూడా మూట కట్టేస్తారేమో,” అంది. నలుగురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గడప దగ్గరే కూర్చుని, “నాకు చేతకాదని రాసెయ్యవే,” అంది.

మావారు ఏడాదిపాటు మంచంలో ఉన్నప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని ఈ ఆస్పత్రికి తీసుకొచ్చిన మనిషి అక్క. ఆమె నోట చేతకాదన్న మాట నేను వినలేకపోయాను. మర్నాడు ఆమె పేరుతో నేనే చదివాను. తర్వాతి ఏడూ, ఆ తర్వాతి ఏడూ, పోయిన జులైలోనూ చదివాను. అంటే నొక్కాను. జవాబులు తేలికే, కాస్త తెలివి ఉంటే చాలు.

అక్కకి ఒక మాట చెప్పి ఒప్పించాను. అది వేరే సంగతి.

మార్చి 9, ఆదివారం

పొద్దున అక్కా నేనూ మేడ మీద ఆరిన దుప్పట్లు మడతపెట్టాం. ఇంట్లో వాళ్లు కింద, మేము పైన, బట్టలారేసే తాడు మాత్రం ఒకటే. చెరో రెండు కొసలూ పట్టుకుని దగ్గరికి నడవడం, మళ్లీ దూరం జరగడం, పంతొమ్మిదేళ్ల అలవాటు.

“కొత్త మిషను వట్టి దండగ,” అంది అక్క. “మూటలు చెమ్మగా వస్తున్నాయి. ఈ వారంలో మూడుసార్లు వెనక్కి కొట్టింది ఆపరేషన్ థియేటర్ సిస్టరు.”

చెమ్మగా ఉన్న మూట పనికిరాదు. తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి దూరిపోతాయట. మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. అక్క ఎనిమిది నెలలుగా ఈ మాట చెబుతూనే ఉంది. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని తిడుతూనే ఉంది.

బావగారు పక్కనే వేసుకున్న కుర్చీలోంచి, “మిషను కొత్తది, మనిషి పాతది. కాపురం కుదరడానికి టైం పడుతుంది,” అన్నారు.

“మీతో ముప్పై ఏళ్లయింది. కుదిరిందా ఏంటి?” అంది అక్క.

“గుడ్డ మరీ మందంగా ఉందేమో అక్కా,” అన్నాను నేను.

“చూడాలి,” అంది. మూటల గుడ్డ రెండుసార్లు మార్చి చూసిందట ఇప్పటికే.

మార్చి 10, సోమవారం

మొదటి రిపోర్టు పంపాను. ఎర్ర వరసకి కారణం రాయమని ఒక గడి ఉంది. ‘సాంకేతిక లోపం’ అని రాశాను. కొత్తగా పెట్టిన సింక్‌లో లోపాలు ఉండకుండా ఎలా ఉంటాయి? సూపరింటెండెంటు గారి నుంచి ఏ ప్రశ్నా రాలేదు.

మార్చి 11, మంగళవారం

ఎరుపు. మార్చాను.

మార్చి 12, బుధవారం

మార్చాను.

మార్చి 13, గురువారం

తీగలాయన వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, “అమ్మా, ఒకే వరసని ఎనిమిదిసార్లు మార్చారు. సింక్‌లో ఏదైనా తప్పుంటే చెప్పండి, సరిచేస్తాను,” అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం.

“నేనేం తప్పు చెయ్యలేదు,” అన్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి భుజం మీదికి వెళ్లిపోయింది.

ఆయన తెర వైపు వేలు చూపించాడు. “మీరు మార్చేది ఇక్కడి కాపీని. సింక్ పొద్దున్నే సైట్లో అసలేముందో చూసి మళ్లీ అదే రాస్తుంది. అద్దంలో మసి తుడిస్తే మొహాన ఉన్నది పోతుందా?”

“మరి ఎలా పోతుంది?”

“ఆవిడ మళ్లీ చదివితే పోతుంది. లేదంటే హాజరుతో పోల్చే పని ఆపెయ్యమనండి, ఆపేస్తాను. మీ సంతకం చాలు. కాకపోతే అందరికీ ఆగిపోతుంది.”

కాగితం అడిగి తీసుకున్నాను. సొరుగులో పెట్టాను. సంతకం చేయలేదు. చేయనని కూడా అనలేదు.

మార్చి 14, శుక్రవారం

థియేటర్ సిస్టరు మా గదికి మెట్లెక్కి వచ్చింది. ఆమె మెట్లెక్కగా నేనెప్పుడూ చూడలేదు, అందరూ ఆమె దగ్గరికే వెళ్తారు. పొద్దున ఒక పెద్దాయన ఆపరేషన్ వాయిదా పడింది. ఖాళీ కడుపుతో బల్ల మీద పడుకోబెట్టాక చూస్తే మూడు మూటలూ చెమ్మగా ఉన్నాయట.

“ఆవిరి గదివాళ్లు కొత్త మిషను పాఠాలన్నీ చదివారా?” అని అడిగింది.

తెర మీద అక్క వరస అప్పుడే నేను మార్చి ఉంచాను. “చదివారు సిస్టర్.”

“పెద్దావిడ కూడానా?”

“పూర్తి అనే ఉంది.”

“అయితే మనుషుల తప్పు కాదు, మిషనుదే. కంపెనీవాళ్లకి రాస్తాను. వాళ్లు వచ్చేసరికి నెల పడుతుంది.” గుమ్మం దగ్గర ఆగింది. “ఇవాళంటే తడిమి చూశాను కాబట్టి దొరికింది. ఏదో ఒక రోజు హడావుడిలో తడమకుండా విప్పేస్తాం. అదీ నా భయం.”

ఆమె వెళ్లాక నీళ్లు తాగాను. ‘పూర్తి’ అన్న ఆ ఒక్క మాట చూసి ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట నేను కొట్టింది.

మార్చి 15, శనివారం

ఈరోజు అక్క పేరుతో కాకుండా నా పేరుతో తెరిచి, ఆ పద్నాలుగు పాఠాలూ మొదటిసారి చదివాను. జులైలో నేను పాఠాలు చూడలేదు. వాటిని దాటేసి ప్రశ్నలకి వెళ్లాను.

తొమ్మిదో పాఠంలో ఉంది. పాత మిషన్లో ఆవిరి పూర్తయ్యాక ఒక కూత వచ్చేది. అప్పుడు తలుపు ఓరగా తీసి పది నిమిషాలు ఆరనివ్వాలి. కొత్తదాన్లో రెండు కూతలు. మొదటి కూతకి ఆవిరి మాత్రమే పూర్తవుతుంది. తర్వాత ఇరవై నిమిషాలు తలుపు మూసి ఉండగానే మిషను లోపలి తడిని పీల్చేస్తుంది. అప్పుడు రెండో కూత. మధ్యలో మీట నొక్కి ఆపేసి తలుపు తీస్తే మూటలు చెమ్మగా ఉండిపోతాయి.

కిందికి వెళ్లాను. ఆవిరి గది గుమ్మంలో నిలబడి చూశాను. మొదటి కూత వచ్చింది. అక్క మీట నొక్కి ఆపింది. తలుపు ఓరగా తీసింది. చేతి గడియారం చూసుకుంటూ, పక్కనున్న ఇద్దరికీ, “పది నిమిషాలు కదపొద్దు. ఆవిరి దగ్గర తొందర పనికిరాదు,” అని చెప్పింది. ఎంత శ్రద్ధగా చెప్పిందో. వాళ్లిద్దరూ ఆ పాఠం చదివినవాళ్లే, అయినా ఆ గదిలో అక్క మాటే మాట.

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. “టీ తాగావా అక్కా?” అని అడిగి పైకి వచ్చేశాను.

ఇంక దాచి లాభం లేదు, ఈ పుస్తకం దగ్గరైనా. తొమ్మిదో పాఠం ప్రశ్న: తలుపు ఎప్పుడు తెరవాలి? జవాబు: రెండో కూత తర్వాత. జులైలో ఆ జవాబు నొక్కడానికి నాకు మూడు సెకన్లు పట్టింది. సింక్ అది కూడా తెచ్చింది. అప్పటి నుంచి ఎనిమిది నెలలు మేడ మీద దుప్పటి కొసలు పట్టుకుని చెమ్మ, చెమ్మ అని అక్క అంటుంటే విన్నాను. జవాబు తెలిసిన మనిషిని నేనే. గుడ్డ మందమేమో అన్నాను.

అక్కకి చెప్పిన ఆ మాట: “ఇరవై ఏళ్లు దాటినవాళ్లకి పాఠాలు అక్కర్లేదట అక్కా, మినహాయింపు ఇచ్చారు.” అలాంటిది ఎవరూ ఇవ్వలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నాలుగేళ్లు తాగాను.

మార్చి 16, ఆదివారం

చెప్పేశాను.

మేడ మీద, దుప్పట్ల దగ్గరే. ముందు తొమ్మిదో పాఠం చెప్పాను, తర్వాత మిగతాది. అక్క దుప్పటి కొసలు వదల్లేదు. నేనూ వదల్లేదు. అలా మధ్యలో వేలాడుతూ ఉంది.

“రెండో కూత ఇరవై నిమిషాలకొస్తుందా?”

“ఇరవై నిమిషాలకి.”

“నేనెప్పుడూ విన్లేదు. ముందే ఆపేసేదాన్ని కదా,” అంది. “దాని తప్పేం లేదన్నమాట. ఎన్ని తిట్లు తిట్టానో,” అంది మిషను గురించి.

“తప్పు నాది అక్కా.”

“సీనియర్లకి అక్కర్లేదని నువ్వు చెప్పిన రోజు మీ బావగారికి ఎన్నిసార్లు చెప్పానో తెలుసా? ఇరవై ఏళ్లకి నాకో గౌరవం ఇచ్చారని. ఆయన విసుక్కునేదాకా చెప్పాను.” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “నువ్వు నాకు చేతకాదనే అనుకున్నావు. ఆ నర్సు పైకి అంది, నువ్వు లోపల అనుకున్నావు. అంతే తేడా.”

 

అక్క దుప్పటి నా చేతుల్లో వదిలేసి, చెప్పులేసుకుని ఆస్పత్రికి వెళ్లిపోయింది. ఆదివారం డ్యూటీవాళ్లకి రెండో కూత సంగతి చెప్పడానికి. నేనూ వస్తానన్నాను. వద్దంది.

అంత పెద్ద దుప్పటి ఒక్కదాన్నే మడతపెట్టడం కష్టం.

మార్చి 17, సోమవారం

వరస ఎర్రగా ఉంది. ముట్టుకోలేదు. కారణం గడిలో రాశాను: ‘ఈ పాఠాలు ఆమె చదవలేదు. ఆమెకు తెలియకుండా నేను చేశాను. అందువల్లే మూటలు చెమ్మగా వచ్చాయి.’ గడి నిండిపోయింది. ‘పోయిన సోమవారం రాసింది అబద్ధం’ అన్నది పట్టలేదు. దాన్ని వేరే కాగితం మీద రాసి, తీగలాయన ఇచ్చిన కాగితం చింపేసి, సూపరింటెండెంటు గారి దగ్గరికి నేనే వెళ్లాను.

ఆయన రెండుసార్లు చదివారు. “సింక్ పట్టుకోనివి పాతవేమైనా ఉన్నాయా?”

“ఇంకో మూడేళ్లవి ఉన్నాయి సర్.”

“అవి చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు కదా.”

“తెలిసేది కాదు సర్.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పద్నాలుగు పాఠాలూ పూర్తయ్యేదాకా అక్క మిషను ముట్టుకోకూడదన్నారు. నా సంగతి తర్వాత చెబుతామన్నారు. థియేటర్ సిస్టరుకి మాత్రం అప్పుడే ఫోన్ చేసి, “కంపెనీకి రాయకండి,” అని చెప్పారు.

తొమ్మిదింటికి అక్క మా గదికి వచ్చింది. ఉతికిన యూనిఫాం, కళ్లద్దాలు, చేతిలో చిన్న నోటు పుస్తకం. నా కుర్చీలో కూర్చుంది. ఎక్కడ నొక్కాలో చూపించబోయాను.

“బయట నిలబడు,” అంది.

వరండాలో నిలబడ్డాను. మధ్యాహ్నం ఒకసారి తలుపు తీసి, “పదకొండో పాఠంలో మూటల్ని పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి అని ఉంది. ఇది నువ్వు చెప్పలేదే?” అంది.

“నాకు గుర్తులేదు అక్కా.”

“శనివారమేగా చదివావు,” అని మళ్లీ తలుపేసుకుంది. నేను తొమ్మిదో పాఠం చూసినంత శ్రద్ధగా మిగతావి చూడలేదు.

మార్చి 18, మంగళవారం

ఆరింటికి సింక్ తెచ్చినది: పద్నాలుగు పాఠాలు, ఐదు గంటల నలభై నిమిషాలు. ఆరో పాఠంలో రెండుసార్లు తప్పింది. తొమ్మిదో పాఠం నాలుగుసార్లు చూసింది. పూర్తి.

ఎరుపు లేదు. నేను ఏదీ మార్చలేదు.

మార్చి 19, బుధవారం

అక్క మాట్లాడలేదు.

మార్చి 20, గురువారం

మాట్లాడలేదు. బావగారు మెట్ల మీద కనబడి, “నాకు మాత్రం మాటలు రెట్టింపయ్యాయి. నీ వాటా కూడా నాకే పడుతోంది,” అన్నారు.

మార్చి 22, శనివారం

ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ ఒకటి నుంచి నాకు రికార్డుల పని లేదు. గుడ్డల స్టోరుకి వేశారు. ఆవిరి గదికి వెళ్లే మూటల గుడ్డలు కొలిచి, చిరుగులు చూసి, మడతపెట్టాలి. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తీసేయనందుకు ఏడుపొచ్చింది, తీసేసి ఉంటే కూడా వచ్చేదేమో.

దానికంటే ముందు ‘రికార్డుల్లో నిజాయితీ’ అని ఒక ఆన్‌లైన్ పాఠం నేను పూర్తి చేయాలట. నలభై నిమిషాలు. ఇన్నాళ్లూ సిబ్బందికి ఆ పాఠం చదవమని గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపింది నేనే.

మార్చి 24, సోమవారం

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక పాఠం తెరిచాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు, గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. అక్క. చేతిలో టీ ఫ్లాస్కు ఉంది. వారం రోజుల తర్వాత నా వైపు రావడం ఇదే మొదటిసారి.

తెర వైపు చూసింది. పాఠం పేరు నిదానంగా, ఒక్కొక్క మాటా పైకి చదివింది.

“పనేమైనా ఉంటే చూసుకో పో,” అంది. “నీ బదులు నేను నొక్కుతాలే.”

నాకు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. అక్క చూసి చూడనట్టు ఫ్లాస్కు మూత తిప్పింది.

“మూటలు ఎలా వస్తున్నాయక్కా?”

“పొడిగా.” టీ పోసి నా ముందు పెట్టింది. “థియేటర్ సిస్టరు వారమంతా ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు. నువ్వొచ్చాక గుడ్డలు సరిగ్గా మడతపెట్టకపోతే నేను పంపిస్తాను వెనక్కి.”

“సరే అక్కా.”

“ముందు అది చదువు. దాటెయ్యకు.”

పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తను ఏమీ చెప్పలేదు, నేను ఏదీ దాటలేదు. ఒక ప్రశ్న తప్పాను. మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. నలభై ఆరు నిమిషాలు పట్టింది. రేపు ఆరింటికి సింక్ ఆ నిమిషాలు తెస్తుంది. పక్కన ఎవరు కూర్చున్నారో దానికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అక్క కూర్చుంది. ఈసారి నిజంగానే.